తాత రివాల్వర్‌కు ఏ తూటా? బాపు దిండు కింద ఇంకెన్నాళ్లు?

హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరూ, గుర్తుపట్టే వివరాలూ తీసేసి సారాంశం ఇస్తున్నాం.

ఆమె కూకట్‌పల్లిలో భర్తతో, పదో తరగతి చదివే కొడుకుతో ఉంటారు. తండ్రికి 79 ఏళ్లు. తల్లి పోయాక హిమాయత్‌నగర్‌లోని పాత ఇంట్లో ఒక్కరే ఉంటున్నారు. పగలు వంటమనిషి వచ్చి వెళ్తుంది. ఆమె తాత కరీంనగర్‌లో వకీలు. ఆయన కొన్న నికెల్ పూత .32 రివాల్వర్ ఒకటి 1988లో లైసెన్స్‌తో సహా తండ్రి పేరుకు మారింది. చాలా ఏళ్లు అది బీరువాలోనే పడి ఉంది. ఈమధ్య వీధిలో దొంగతనం జరిగిన దగ్గర్నుంచి ఆయన దానిలో ఆరు తూటాలూ నింపి దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నారు. ఆదివారం ఆదివారం పూజసామాన్లు తోమే ఇత్తడి పాలిష్‌తోనే దాన్నీ తోముతున్నారు. గొట్టం మూతి దగ్గర పూత పెచ్చులు లేస్తోంది. పాత తూటాలు కొన్ని తోలు బెల్టులో, కొన్ని బిస్కెట్ డబ్బాలో ఉన్నాయి. వాటికి పచ్చగా చిలుము పట్టింది. కొత్తవి కొందామంటే బంధువు ఒకాయన “నా పిస్టల్ తూటాలు కూడా .32వే, ఓ పది ఇస్తాను” అన్నాడట. పూత మళ్లీ వేయించడానికి బండి బంపర్లకు క్రోమ్ వేసే షాపును కూడా ఆయనే చూపించాడు.

అసలు బాధ ఆ తర్వాతి పేజీల్లో ఉంది. తండ్రికి ఈమధ్య మరుపు ఎక్కువైంది. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతున్నారు. ఓ రాత్రి ఫోన్ చేసి “హాల్లో ఎవరో ఉన్నారు” అన్నారు. వెళ్లి చూస్తే ఎవరూ లేరు. డాలస్‌లో ఉన్న తమ్ముడు “తాత గుర్తు అది, అమ్మితే ఊరుకోను” అంటాడు. భర్త “మన ఇంట్లోకి మాత్రం వద్దు” అంటాడు. “ఏ తూటాలు కొనాలి, పూత ఎలా కాపాడాలి, ఆ తర్వాత దీన్ని ఏం చేయాలి?” అని అడిగారు.

అమ్మా,

తూటాల గురించీ పూత గురించీ మీరు రాసింది అర పేజీ. మిగతాదంతా మీ బాపు గురించే. అయినా ముందు ఆ అర పేజీకే జవాబు చెబుతాను. వాటికి సూటిగా జవాబులున్నాయి. పైగా ఆ జవాబులు తెలిస్తే బాపుతో మాట కలపడానికి మీకు ఒక దారి దొరుకుతుంది. “నీకు వయసైపోయింది, తుపాకి ఇచ్చేయ్” అని కూతురంటే ఏ తండ్రీ వినడు. “బాపూ, ఈ పాలిష్ తాత తుపాకిని తినేస్తోంది” అంటే కూర్చుని వింటాడు.

కానీ ఆ దిండు సంగతి ఈ రాత్రికే తేలాలి. మీరు రాసిన గుర్తులను బట్టి అది స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్. తూటాలు నింపే గుండ్రటి సిలిండర్‌లో ఆరు గదులు, అది ఎడమ పక్కకు తెరుచుకుంటుంది. గొట్టం మీద “.32 లాంగ్ సీటీజీ” అని ఉంది, చట్రం కుడివైపు “మేడ్ ఇన్ యూఎస్ఏ” అని ఒకే వరుసలో ఉంది. ఆ ముద్ర 1922 నుంచి కొట్టారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత దాని బదులు కంపెనీ ఊరూ పేరూ కలిపి నాలుగు వరుసల ముద్ర వచ్చింది. కాబట్టి మీది ఆ మధ్య కాలంలో తయారైందని అనుకోవచ్చు. ఇది ఎందుకు ముఖ్యమంటే, కింద పడినా హ్యామర్, అంటే తూటాను కొట్టి పేల్చే సుత్తి, తూటాను తాకకుండా అడ్డుపడే ఇప్పటి తరహా అడ్డుపలక ఆ కంపెనీ రివాల్వర్లలోకి యుద్ధం చివర్లో వచ్చింది. 1944లో అమెరికన్ నౌక మీద ఒక రివాల్వర్ ఉక్కు డెక్కు మీద పడి, పేలి, ఓ నావికుడు చనిపోయాడు. ఆ తర్వాతే మార్చారు. అంతకుముందు రకాల్లో ఉన్న ఏర్పాటు పాత గ్రీజు గడ్డకడితే పని చేయకపోవచ్చు. మీ బాపు తుపాకి లోపల ఎన్నేళ్ల గ్రీజు ఉందో ఎవరికి తెలుసు? ఆరు గదుల్లోనూ తూటాలు నింపి, హ్యామర్ ఒక తూటా మీద ఆనించి, దిండు కింద పెట్టుకోవడమంటే, మంచం మీది నుంచి జారి గచ్చు మీద పడిన రోజు దొంగ రాకుండానే పేలవచ్చు. ఇలాంటి పాత రివాల్వర్లు వాడేవాళ్లు ఐదే నింపి, హ్యామర్ కింద గది ఖాళీగా ఉంచుతారు. మీ బాపు ఉన్న స్థితిలో నేను ఆ ఐదు కూడా వద్దంటాను. చీకట్లో హాల్లో లేని మనిషిని చూసిన ఆయన, రేపు రాత్రి మంచినీళ్లకు లేచిన మనవడిని చూడవచ్చు.

ఇక తూటాలు.

మన దగ్గర తుపాకుల షాపులో “పాయింట్ థర్టీటూ ఇవ్వండి” అంటే సరిపోదు. లైసెన్స్ పుస్తకంలో రివాల్వర్‌కూ .32 అనే రాస్తారు, పిస్టల్‌కూ .32 అనే రాస్తారు. లోపలికి వెళ్లే తూటాలు మాత్రం వేరు. మీ బంధువు పిస్టల్‌లో వాడేది 7.65 మిల్లీమీటర్ల ఆటో తూటా. మీ తాతది .32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్. పిస్టల్ తూటా వెనక అంచు కాస్తంత బయటికి ఉంటుంది. అందుకే కొన్ని పాత రివాల్వర్ల గదుల్లో అది పట్టేస్తుంది, పేలుతుంది కూడా. అదే మోసం. అమెరికాలో తూటాల కొలతలు నిర్ణయించే సంస్థ లెక్కలో లాంగ్ తూటాకు గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 15,000 పౌండ్లు. పిస్టల్ తూటాకు 20,500. దాదాపు నూరేళ్ల నాటి సిలిండర్‌కు మూడో వంతు కంటే ఎక్కువ అదనపు భారం పెట్టడం ఎందుకు? ఒకసారి ఏమీ కాకపోవచ్చు. లోహానికి బీటలు పడేది ఒక్కసారిలో కాదు.

ఇంకో మాట, ఆ “ఓ పది ఇస్తాను” గురించి. తూటాలు ఆవకాయ కాదు, చుట్టాలకు పంచడానికి. ఆయన లైసెన్స్ మీద కొన్నవి ఆయన లెక్కలోనే ఉండాలి. బాపు లైసెన్స్‌లో ఒకసారికి ఎన్ని, ఏడాదికి ఎన్ని కొనవచ్చో రాసి ఉంటుంది. కొన్నప్పుడల్లా డీలర్ అందులో ఎక్కిస్తాడు. లెక్కలో లేని పది తూటాలు ఇంట్లో దొరికితే జవాబు చెప్పుకోవలసింది మీ బాపే.

మీ రివాల్వర్‌కు సరిపోయేవి రెండు. ఒకటి .32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్. ఈ తూటా 1896లో ఇదే కంపెనీ పక్కకు తెరుచుకునే సిలిండర్ ఉన్న తన మొదటి రివాల్వర్ కోసం తెచ్చింది. అంటే మీ తుపాకీ ఈ తూటా కోసమే పుట్టింది. మనదేశంలో తయారయ్యే .32 రివాల్వర్లు, 2014లో ఆడవాళ్ల కోసమని ప్రచారం చేసిన ‘నిర్భీక్’ సహా, ఇదే తూటా వాడతాయి. కాబట్టి దేశవాళీ సరుకు దొరుకుతుంది, దిగుమతి సరుకు కోసం వెతకనక్కర్లేదు. రెండోది 1878 నాటి పొట్టి .32 స్మిత్ అండ్ వెసన్. అది లాంగ్ గదిలో పడుతుంది, బలం తక్కువ. లాంగ్ మాత్రం పొట్టి తూటా కోసం చేసిన రివాల్వర్‌లోకి పోదు, పోనివ్వకూడదు. ఇవి కాక .32 లాంగ్ కోల్ట్ అని పేరు దగ్గరగా ఉన్నది ఇంకోటుంది. దాని కొలతలే వేరు. 1984లో వచ్చిన .32 మాగ్నమ్ కూడా ఉంది. ఈ రెండూ మీకు సంబంధం లేనివి. ఎవరైనా “ఇది కూడా నడుస్తుంది” అంటే దుకాణం మార్చండి.

లాంగ్‌లోనైనా మామూలు గుండ్రని ముక్కు సీసపు గుండు ఉన్న ఫ్యాక్టరీ తూటాయే తీసుకోండి. సాధారణంగా గుండు బరువు 98 గ్రెయిన్లు, అంటే ఆరున్నర గ్రాములకు కాస్త తక్కువ. వేగం సెకనుకు ఏడెనిమిది వందల అడుగులు. ఇది తక్కువ బలం ఉన్న తూటా, ఈ రివాల్వర్ ఆయుష్షుకు అదే మంచిది. గట్టి రాగి తొడుగు గుండ్లు, ‘ఎక్కువ పవర్’ అని చెప్పి అమ్మేవి, ఎవరో ఇంట్లో మందు నింపినవి, వీటిలో ఏదీ వద్దు.

కొత్త తూటా పెట్టే ముందు ఒకసారి తుపాకుల మరమ్మతు లైసెన్స్ ఉన్న షాపులో చూపించండి. చూడమని అడగవలసినవి కొన్నే. హ్యామర్ పూర్తిగా వెనక్కి లాగినప్పుడు సిలిండర్ గట్టిగా నిలబడుతుందా, చేత్తో కదిపితే ఊగుతుందా? గొట్టం లోపల ఎక్కడైనా ఉంగరంలా ఉబ్బిందా? ఒక గుండు మధ్యలో ఇరుక్కుపోయి, దాని వెనక ఇంకోటి పేలిస్తే అలాంటి ఉబ్బు వస్తుంది. హ్యామర్ మీద ఉండే ముల్లు అరిగిందా, వంగిందా? ఇంట్లో ఖాళీ తుపాకీని టిక్కు టిక్కుమని పేలుస్తూ ‘చెక్’ చేయడం మానెయ్యమనండి. పాత రివాల్వర్లలో ఆ ముల్లు విరిగితే దొరకబుచ్చుకోవడం తలనొప్పి. అడుగున పిడి కింద ఉన్న నంబరు, సిలిండర్ వెనక ముఖం మీద నంబరు, గొట్టం అడుగున నంబరు ఒకటేనా అని కూడా చూడమనండి. ఒకటే అయితే భాగాలు మారలేదన్నమాట. లైసెన్స్‌లో ఉన్న నంబరుతో కూడా సరిచూడండి. పాత పుస్తకాల్లో గుమాస్తాలు ఒక అంకె తప్పు రాసినవి చాలా చూశాను. అది ఇప్పుడు సరిచేయించుకుంటే చిన్న అర్జీ. ఆయన పోయాక అయితే పెద్ద పంచాయితీ.

మరి తుపాకిని షాపుకు ఎవరు తీసుకెళ్లాలి? లైసెన్స్ ఉన్నవారు దగ్గర ఉన్నప్పుడు గానీ, ఆయన రాతపూర్వకంగా అనుమతిచ్చినప్పుడు గానీ, మరమ్మతుకో లైసెన్స్ రెన్యువల్‌కో ఇంకొకరు తీసుకెళ్లవచ్చని ఆయుధాల చట్టం 3వ సెక్షన్‌లోనే ఉంది. బాపును వెంటబెట్టుకుని వెళ్లడం అన్నిటికంటే మంచిది. వీలుకాకపోతే ఆయన సంతకంతో, తారీఖుతో, తుపాకి నంబరుతో ఒక కాగితం, లైసెన్స్ అసలు పుస్తకం వెంట ఉంచుకోండి. ఆ కాగితం షాపుకు పోయి రావడానికే. దారిలో కూకట్‌పల్లి తీసుకెళ్లి మీ బీరువాలో పెట్టడానికి పనికిరాదు. “భద్రంగా ఉంటుందని నా దగ్గర పెట్టాను” అన్నా చట్టం దాన్ని లైసెన్స్ లేని ఆయుధంగానే చూస్తుంది. 2019 సవరణ తర్వాత దానికి కనీసం రెండేళ్ల జైలు.

బిస్కెట్ డబ్బాలోవీ బెల్టులోవీ పేల్చే ఆలోచన వద్దు. తోలు పదును చేయడానికి వాడే రసాయనాలు ఇత్తడిని తింటాయి. ఆ పచ్చ చిలుము దానివల్ల వచ్చిందే. తుడిచేస్తే పైకి మెరుస్తుంది, కానీ తొడుగు ఎక్కడ పలచబడిందో కనపడదు. మందు తడిసిన తూటా అసలు పేలకపోవచ్చు, ఆలస్యంగా పేలవచ్చు, లేదా సగం బలంతో పేలి గుండు గొట్టంలోనే ఇరుక్కోవచ్చు. మూడోదే అన్నిటికంటే ప్రమాదం. దొంగ ఎదుట ఉన్నప్పుడు “ఠప్” అని చిన్న చప్పుడు వస్తే ఎవరైనా వెంటనే మళ్లీ ట్రిగ్గర్ నొక్కుతారు. వాటిని చెత్తబుట్టలో వేయకండి, మంటలో వేయకండి, మూసీలో వేయకండి. బాపు వెంట వెళ్లి డీలర్‌కో, ఠాణాలోనో అప్పగించి, ఎన్ని ఇచ్చారో రాసిన రసీదు తీసుకోండి. కొత్తవి కొన్నాక నూనె గుడ్డతో తుడవకండి. నూనె తూటా అడుగున మందును అంటించే ప్రైమర్ చుట్టూ సందులోకి పాకితే మందు చచ్చిపోవచ్చు. వాటిని పొడిగా, అవి వచ్చిన అట్టపెట్టెలోనే ఉంచాలి. తోలు బెల్టు అలంకారానికి ఉంచుకోండి.

ఇప్పుడు పూత. మీ బాపు మనసు ఉన్నది ఇక్కడేనని నాకనిపిస్తోంది. ఆదివారం ఆదివారం తోమడం ఆయనకు తాతతో మాట్లాడటం లాంటిదేమో. ఆ పని ఆయన చేతిలోంచి లాక్కోకండి, సామాన్లు మార్చండి చాలు.

నికెల్ పూత అంటే ఉక్కు మీద కరెంటుతో ఎక్కించిన పలచటి పొర. ఆ రోజుల్లో నల్లటి తుపాకి మందు మసి ఉక్కును తినేది, ఒంటి చెమట తినేది. జేబులో పెట్టుకు తిరిగే రివాల్వర్లకు నికెల్ అందుకే ఇష్టపడేవారు. క్రోమ్‌లా నీలంగా కాకుండా దాని తెలుపులో కాస్త పసుపు వెచ్చదనం ఉంటుంది. కొన్నిటికి నికెల్ కింద రాగి పొర కూడా వేస్తారు, ముఖ్యంగా తర్వాత ఎవరైనా మళ్లీ పూత వేయించి ఉంటే. చిక్కంతా అక్కడే. ఇత్తడి పాలిష్‌లో అమోనియా ఉంటుంది. అమోనియా రాగిని కరిగిస్తుంది. పూత చెక్కుచెదరకుండా ఉన్నచోట పెద్దగా ఏమీ కాదు. ఎక్కడైనా గీత పడిన చోట, గొట్టం మూతి అంచున, సిలిండర్ ముందు అంచున అది కిందికి దిగి రాగిని తింటుంది. పైన నికెల్ నిలబడటానికి ఆధారం ఉండదు. వానాకాలంలో తడి ఎక్కిన గోడకు సున్నం లేచినట్టు లేస్తుంది. రాగి లేకపోయినా ఆ పాలిష్‌లో సన్నటి రాపిడి పొడి ఉంటుంది. వారం వారం తోమితే అక్షరాల అంచులు మొండిబారతాయి, పూత పలచబడుతుంది. చింతపండు, నిమ్మరసం, పీతాంబరి లాంటి పొడులు, సోడా, గిన్నెల పీచు, వీటి జోలికే పోవద్దు. తుపాకి గొట్టాల్లో రాగి మరకలు తీసే ద్రావకాల్లో చాలావాటిలో కూడా అమోనియా ఉంటుంది. సీసా మీద చదివి కొనండి. గొట్టం లోపల వాడవలసి వచ్చినా బయట పూతకు తగలనివ్వకండి, నానబెట్టకండి.

మామూలుగా కావలసింది చాలా తక్కువ. పాత నూలు పంచె గుడ్డ, మెత్తటి టూత్‌బ్రష్, గొట్టం లోపలికి దూర్చే .32 కొలత కంచు బ్రష్, పలచటి ఖనిజ తైలం. తుపాకి నూనె దొరికితే సరే, లేకపోతే కుట్టు మిషను నూనె కూడా పనిచేస్తుంది. కంచు బ్రష్ గొట్టం లోపలా గదుల లోపలా మాత్రమే. పూతకు తగిలితే గీతలు పడతాయి. కొబ్బరినూనె రాయకండి, మన ఇళ్లలో దానికి అన్నిట్లోనూ చోటిస్తాం కానీ అది చలికి పేరుకుంటుంది, కాలం గడిస్తే జిగటగా మారి లోపల కదిలే భాగాలను పట్టేస్తుంది. నూనె ఎక్కడైనా చుక్క కంటే ఎక్కువ అక్కర్లేదు. పక్క పలకను స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తి లోపల చూద్దామని ఎవరైనా అంటే ఆపండి, ఆ పని షాపులో చేయించాలి.

పూత మీద మసక ఉంటే వెచ్చని గుడ్డతో తుడిచి, రాపిడి లేని స్వచ్ఛమైన మైనం పలచగా రాసి మెరిపించండి. కార్లకు వాడే మైనాల్లో ‘క్లీనర్’ కలపనిది చూసి కొనాలి. పెచ్చు లేచిన అంచుకు కూడా అదే. మైనం తడిని కొంత ఆపుతుంది. లేచిన పూతను వెనక్కి అతికించే మార్గం లేదు. గోటితో గీకకుండా, పాలిష్ ఆపేస్తే అది చాలా ఏళ్లు అక్కడే ఆగిపోవచ్చు.

సిలిండర్ ముందు ముఖం మీద నల్లటి ఉంగరాలున్నాయనీ, బాపు వాటి కోసమే గట్టిగా రుద్దుతారనీ రాశారు. అవి కాలిన మందు గుర్తులు. హాని చేయవు. వాటిని పోగొట్టడానికే ఎన్నో మంచి నికెల్ రివాల్వర్లు పూత పోగొట్టుకున్నాయి. అలాగే ట్రిగ్గర్, హ్యామర్ మీద నీలమూ గోధుమరంగూ కలిసిన మరకలు తుప్పు కాదమ్మా. ఉక్కు పైపొరను గట్టిపరచినప్పుడు వచ్చే రంగులవి. ఆ కంపెనీ నికెల్ రివాల్వర్లకు కూడా ఆ రెండు భాగాలనూ అలాగే వదిలేసేది. ఇది మీకు శుభవార్త కూడా. ఎవరో మళ్లీ పూత వేయించి ఉంటే సాధారణంగా ట్రిగ్గర్, హ్యామర్ కూడా తెల్లగా మెరిసేవి. కాబట్టి తాత తుపాకి మీద ఉన్నది కంపెనీ వేసిన అసలు పూతే కావచ్చు. బాపుకు ఈ మాట చెప్పండి. పాలిష్ డబ్బా ఆయనే పక్కన పెడతారు.

క్రోమ్ షాపు మాట మరిచిపోండి. బంపర్లకు పూత వేసేవాళ్లు ముందు ఉక్కును యంత్రం మీద రుద్దుతారు. ముద్రలూ నంబర్లూ అరిగిపోతాయి. నంబరు అరిగిన తుపాకీ మీకు విలువ పోవడమే కాదు, పోలీసుల కళ్లకు అనుమానం కూడా. పైగా మరమ్మతు లైసెన్స్ లేని వాడి చేతికి తుపాకి ఇవ్వడమే నేరం.

నిలవ చేయడం గురించి ఒక మాట. తోలు సంచిలో పెట్టి వదిలేయకండి, తూటాలకు ఏం జరిగిందో పూతకూ అదే జరుగుతుంది. ప్లాస్టిక్ కవర్లో చుట్టినా లోపల తడి పడుతుంది. పొడి నూలు గుడ్డలో చుట్టి, పక్కన సిలికా జెల్ పొట్లాలు వేసి, తాళం ఉన్న చిన్న ఉక్కు పెట్టెలో పెట్టండి. తూటాలు వేరే చోట, వేరే తాళం కింద ఉంచండి. వానలు మొదలైనప్పుడు ఒకసారి, తగ్గాక ఒకసారి తీసి తుడిస్తే చాలు. ఎన్నికలప్పుడు ఠాణాలో జమ చేయవలసి వస్తే ఇవ్వకముందు అన్ని పక్కలా ఫోటోలు తీసి, మెత్తటి గుడ్డలో చుట్టి ఇవ్వండి. ఒకదాని మీద ఒకటి పడేసిన తుపాకుల మధ్య నికెల్‌కు గీతలు పడకుండా ఉండవు.

ఇంతవరకూ చెప్పినదంతా ఒక ప్రశ్న తేలితేనే పనికొస్తుంది. ఈ రివాల్వర్ మీ ఇంటికి ఆయుధమా, తాత గుర్తా? బాపు మొదటిది అంటున్నారు, తమ్ముడు రెండోది అంటున్నాడు, మీరు ఇద్దరి మధ్యా నలుగుతున్నారు. ఆయుధమైతే కొత్త తూటాలూ, సాధనా, మెలకువగా ఉండే మనిషీ కావాలి. గుర్తు అయితే తూటాలే అక్కర్లేదు.

ఆయుధంగా ఆయన దగ్గరే ఉంచడం అనేది ఒక దారి. మరుపు లేకపోతే నేను అభ్యంతరం చెప్పేవాణ్ని కాదు. మీరు రాసినదాన్ని బట్టి నాకు మాత్రం అది నచ్చలేదు. ముందు ఆయన్ని డాక్టర్‌కు చూపించండి. లేని మనిషిని చూడటం మతిమరుపు మొదలు కావచ్చు, మందుల వల్ల కావచ్చు, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా ముసలివాళ్లలో అలా జరుగుతుంది. నయమయ్యేదైతే నయం చేయించాక మళ్లీ ఆలోచించవచ్చు. దొంగల భయానికి తలుపుకు మంచి గొళ్లెం, గుమ్మం ముందు దీపం, కెమెరా, రాత్రి తోడు పడుకునే మనిషి, ఇవి ఆ రివాల్వర్ కంటే బాగా పనిచేస్తాయి. ఆ భయాన్ని కొట్టిపారేయకండి మాత్రం. ఒంటరిగా ఉన్న ముసలాయన భయం అది.

తూటాలు మొత్తం అప్పగించి, తుపాకీ మాత్రం ఆయన ఇంట్లో పెట్టెలో ఉంచడం రెండో దారి. ఆదివారం తుడుచుకోవడం ఆయనకు మిగులుతుంది. లైసెన్స్ నడుస్తూనే ఉండాలి. ఇదివరకు మూడేళ్లకోసారి రెన్యువల్ చేయించేవారు, 2019 సవరణతో గడువు ఐదేళ్లయింది. విశిష్ట గుర్తింపు సంఖ్య, అదే యూఐఎన్, ఆ పుస్తకంలో పడిందో లేదో ఈ వారమే చూడండి. అది లేని పాత లైసెన్స్ చెల్లదు. రెన్యువల్‌లో డాక్టర్ సర్టిఫికెట్ అడిగితే ఆయన మరుపు దాచకండి. దాచి ఇప్పించిన సంతకం తర్వాత మీ మెడకే చుట్టుకుంటుంది. ఈ దారిలో ఉన్న లోపం, ఆయన మనసు మారి షాపుకు వెళ్లి మళ్లీ తూటాలు కొనుక్కోవచ్చు. లైసెన్స్ ఆయనదే కదా.

మూడోది, ఆయన ఉండగానే మీ పేరుకో తమ్ముడి పేరుకో మార్చడం. 2016 ఆయుధ నియమాల్లో 25వ నియమం దీనికోసమే ఉంది. లైసెన్స్ ఉన్నవారికి 70 ఏళ్లు నిండినా, ఆ తుపాకిని 25 ఏళ్లుగా ఉంచుకున్నా వారసులకు మార్చమని అడగవచ్చు. మీ బాపుకు రెండూ వర్తిస్తాయి. తమ్ముడు అక్కడ స్థిరపడ్డాడు, ఇక్కడ చిరునామా, విచారణ, తుపాకి భద్రపరిచే చోటు ఏవీ ఆయనకు కుదరవు. “అమ్మితే ఊరుకోను” అనేవాడికి ఇది చెప్పాలి. మిగిలింది మీరు. మీ ఇంటి చిరునామా ఏ కమిషనరేట్ కిందికి వస్తే ఆ పోలీస్ కమిషనర్ దగ్గర అర్జీ పెట్టాలి, ఆయుధ భద్రత శిక్షణ తీసుకోవాలి, ఎక్కడ ఎలా దాస్తారో రాసివ్వాలి. అప్పుడు అది మీ ఇంట్లోకి వస్తుంది, మీవారు వద్దన్నది ఖచ్చితంగా అదే. పదిహేనేళ్ల కుర్రాడున్న ఇంట్లో ఆయన భయం అర్థం లేనిదని నేననను. తాళం చెవి ఎక్కడుందో ఆ వయసు పిల్లలకు తెలియని ఇల్లు నేను చూడలేదు. ఇద్దరూ ఒప్పుకుంటేనే ఈ దారి.

నాలుగోది అమ్మడం. లైసెన్స్ ఉన్న వేరే వ్యక్తికి నేరుగా అమ్మాలంటే ముందుగా అధికారులకు రాతపూర్వకంగా తెలిపి, కనీసం 45 రోజులు ఆగాలి. 1980ల మధ్య నుంచి మామూలు లైసెన్స్‌దారులు విదేశీ తుపాకులు తెప్పించుకునే వీలు పోయింది కాబట్టి పాత విలాయతీ సరుకుకు ఇక్కడ గిరాకీ ఉంటుంది. అసలు పూత, నంబర్లు కలిసినది అయితే ఇంకా. అందుకే పూత జోలికి వెళ్లొద్దని అన్నిసార్లు చెప్పాను. తమ్ముడితో గొడవ మాత్రం మీ వంతు.

గుర్తుగానే ఉంచుకోవాలంటే శాశ్వతంగా పేలకుండా చేయించే పద్ధతి ఉంది. దాంతో విలువ పోతుంది, మళ్లీ వెనక్కి రాదు. 2020లో కేంద్రం క్యూరియో, అంటే పాతకాలపు అపురూప వస్తువుల తరగతి చిన్న ఆయుధాలను ఇంట్లో ఉంచుకోవడానికి లైసెన్స్ అక్కర్లేదని చెప్పింది. తీసుకెళ్లడానికి, వాడటానికి మాత్రం కావాలి. పాతది కాబట్టి మనదీ క్యూరియోయేనని మీరే నిర్ణయించుకుని లైసెన్స్ వదిలేయకండి. లైసెన్సింగ్ అధికారి నుంచి కాగితం మీద రాయించుకున్నాకే.

మీ ఇంట్లో అందరూ ఒక మాట మీదికి వచ్చేదాకా నాకు తోచింది ఇది. బాపును తీసుకుని డీలర్ దగ్గరికి వెళ్లండి. చిలుము పట్టిన తూటాలు అప్పగించండి. తుపాకిని తనిఖీకి ఇచ్చి, అక్కడే కొంతకాలం జమలో ఉంచండి. “పూత పాడవుతోంది, నిపుణుడి దగ్గర కొన్నాళ్లు ఉండనీ” అనేది అబద్ధం కాదు. అయితే జమ అంటే శాశ్వతం కాదు, రసీదులో గడువూ కిరాయీ చూసుకోండి. ఒకవేళ ఈలోగా ఆయనకేమైనా అయితే తుపాకి ఇంట్లో ఉంటే ఆలస్యం చేయకుండా ఠాణాలోనో డీలర్ దగ్గరో జమ చేయడం ఆయుధాల చట్టం 21వ సెక్షన్ ప్రకారం మీ బాధ్యత అవుతుంది. ముందే డీలర్ దగ్గర ఉంటే ఆ పరుగు మీకు తప్పుతుంది.

తమ్ముడితో ఫోన్లో వాదించకండి. పేరు మార్పుకు మిగతా వారసుల అంగీకారం అడుగుతారు. అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించిన అభ్యంతరం లేదన్న పత్రం ఆయన పంపాల్సి వస్తుంది. దారులన్నీ ఒక కాగితం మీద రాసి ఆయనకు పంపి, ఏది ఎంచుకుంటాడో రాతలో చెప్పమనండి. ఆ పత్రం రావడానికి నెలలు పట్టవచ్చు, లైసెన్స్ గడువు అంతకంటే ముందే ముగుస్తుందేమో ఇవాళే చూసుకోండి.